వానాకాలపు నిప్పు

వానలో ఆరుబయట మంట వేయడంలో రెండు పనులున్నాయి. రవ్వ పుట్టించడం ఒకటి, పుట్టిన రవ్వను చెమ్మగిల్లిన కట్టెకు అంటించి నిలబెట్టడం మరొకటి. నిప్పు చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా మొదటి పని చుట్టూనే తిరిగారు. అరణి, చకుముకి, అగ్గిపుల్ల అని వరసగా చెప్పుకుపోతే కథ చక్కగా కుదురుతుంది కూడా. కానీ అగ్గిపెట్టెలు రాకముందు తెలుగు పల్లెలో ముసురు పట్టిన వారంలో నిప్పు ఎలా పుట్టిస్తారని ఏ ఇల్లాలినైనా అడిగితే, ఆ ప్రశ్నే వింతగా తోచి ఉండేది. ఆమె విద్యంతా నిప్పును ఆరనివ్వకపోవడంలో ఉంది.

తడి కట్టె ఎందుకు అంటుకోదో తెలిస్తే ఈ విద్య విలువ తెలుస్తుంది. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. మరుగుతున్న కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ లెక్కన కిలో పచ్చి కట్టెలోని అరకిలో నీటిని కాచి ఆవిరిగా పంపడానికి 1,300 కిలోజౌళ్లకు అటూ ఇటుగా ఖర్చవుతుంది. మిగిలిన అరకిలో కట్టె కాలితే వచ్చే వేడి 9,000 కిలోజౌళ్ల దాకా ఉంటుంది. అంటే నీరు తినేది ఏడో వంతే. రాజుకున్న నెగడులో పచ్చి దుంగ పడేసినా చివర్ల నురగ కక్కుతూ, బుసలు కొడుతూ చివరికి కాలిపోవడం ఇందువల్లే. చిక్కంతా మొదట్లోనే ఉంది. అగ్గిపుల్ల మంటకున్న వేడి కట్టె పైపొరలోని చెమ్మను తోలడానికే చాలదు, ఇక కట్టె దాకా ఎక్కడ వస్తుంది? కాబట్టి వానలో మంట వేసేవాడి తెలివి మొదటి గుప్పెడు చితుకుల్లో తేలిపోతుంది.

తెలుగులో పచ్చి కట్టె వేరు, తడి కట్టె వేరు. పచ్చితనం లోపలిది, నెలల తరబడి ఎండితే గాని పోదు. తడి పైది. ఎండిన కట్టె మీద వాన పడితే బెరడూ దాని కింది పొరా నానుతాయి గాని నడిమి చేవ చాలాకాలం పొడిగానే ఉంటుంది. అడవిలో తిరిగేవాళ్లు ఈ తేడా మీదే బతికారు. నేల మీద పడి ఉన్న కొమ్మను వాళ్లు ముట్టుకోరు, అది కింది చెమ్మను పీల్చుకుని ఉంటుంది. చెట్టు మీదే ఎండి నిలబడ్డ కొమ్మను విరుస్తారు. ఫట్టున విరిగితే పనికొస్తుంది, వంగితే వదిలేస్తారు. దాన్ని నిలువునా చీల్చి, లోపలి పొడి చెక్కను కత్తితో సన్నగా చెక్కితే మంటకు మొదటి మేత దొరుకుతుంది. వెదురు ఇంకా నయం. దాని పై చర్మం నునుపుగా, గట్టిగా ఉండి నీటిని జారవిడుస్తుంది, చీలిస్తే లోపల పొడిపుల్లలు సిద్ధంగా ఉంటాయి. కాకపోతే కణుపులు మూసుకుని ఉన్న బొంగును చీల్చకుండా మంటలో వేస్తే లోపలి గాలి, ఆవిరి ఉబ్బి తుపాకిలా పేలుతుంది.

జిగురు, మైనం ఉన్నవాటికి తడితో అంత పేచీ లేదు. ఉత్తరాంధ్ర కొండల్లోని గుగ్గిలం చెట్టు బంక చిన్న ముక్క చాలు, చుట్టూ చెమ్మ ఉన్నా నల్లటి పొగ వదులుతూ నిదానంగా మండుతుంది. తీరం వెంట సరుగుడుకూ తడికి లొంగదన్న పేరుంది. పచ్చిగా ఉన్నా బాగా మండే కట్టె అది. 19వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ నెల్లూరు వైపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు వేయించడానికి రైలింజన్ల ఆకలి ఒక కారణం. ఆ తోటలు తర్వాత తీర గ్రామాల పొయ్యిలకూ పనికొచ్చాయి.

రవ్వ పుట్టించే పాత పద్ధతుల్లో వానకు అన్నిటికంటే ముందు ఓడిపోయేది కట్టె రాపిడి. రెండు కట్టెలు రాసుకుని రాలిన పొడి సుమారు 400 డిగ్రీల వేడికి చేరితేనే అందులో నిప్పు కణం కనబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ పొడి ముద్దకడుతుంది, కట్టె నున్నబడి జారుతుంది. అయినా ఈ పద్ధతి చాలాకాలం బతికింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో యానాదులు కట్టెతో కట్టె రాసి నిప్పు చేసే తీరు నమోదైంది. ఒకటి గుంట ఉన్న పలక, రెండోది ఆ గుంటలో తిప్పే గుండ్రటి పుల్ల.

వైదిక కర్మలో ఇదే పనికి అరణి అని పేరు. జమ్మి చెట్టు మీద మొలిచిన రావి కట్టెతో దాన్ని చేయాలన్నది శాస్త్ర నియమం. కింది పలక అధరారణి, పైది ఉత్తరారణి. పైదాని నుంచి తీసిన కదురును నిలబెట్టి, తాడు చుట్టి, పెరుగు చిలికినట్టు చిలుకుతారు. అందుకే దానికి అగ్నిమథనం అని పేరు. ఋగ్వేదం మూడో మండలంలో ఈ చిలకడం మీదే ఒక సూక్తం ఉంది. 1975 ఏప్రిల్‌లో కేరళలోని పాంజాళ్‌లో జరిగిన అతిరాత్రం అనే యాగంలో కూడా నిప్పును ఇలాగే తీశారు. పండితుడు ఫ్రిట్స్ స్టాల్ దాన్ని దగ్గరుండి నమోదు చేసి 1983లో రెండు పెద్ద సంపుటాలుగా ప్రచురించాడు.

అరణి ఎంత విలువైన సామానో చెప్పే కథ మహాభారతంలో ఉంది. వనవాసం చివర్లో ఒక బ్రాహ్మణుడు చెట్టుకు తగిలించుకున్న అరణిని జింక కొమ్ములకు చిక్కించుకుని పారిపోతుంది. పాండవులు ఐదుగురూ దాని వెంట పడతారు, దప్పికతో చెరువు చేరతారు, అక్కడ యక్షుడు ఎదురవుతాడు. యక్షప్రశ్నలు అందరికీ గుర్తున్నాయి గాని, ఆ కథ మొదలైంది ఒక బ్రాహ్మణుడి నిప్పు సామాను పోయినందుకన్నది చాలామంది మరచిపోతారు. చెట్టుకు తగిలించడం కూడా ఊరికే కాదు, నేల చెమ్మ అరణికి శత్రువు.

గోదావరి డెల్టాలో ఆహితాగ్నుల, అంటే వైదికాగ్నులను ఇంట్లో నిత్యం కాపాడేవాళ్ల కుటుంబాలు ఇటీవలి దశాబ్దాల దాకా మూడగ్నులను నిలిపి ఉంచాయి. డేవిడ్ నైప్ 2015లో ప్రచురించిన పుస్తకం ఆ కుటుంబాల మీదే. కోనసీమలో వానలు కురిసే నెలల్లో అగ్నిహోత్రం కొండెక్కకుండా చూసుకోవడం చిన్న మాట కాదు. ఊరు విడిచి వెళ్లాల్సి వస్తే శాస్త్రం ఒక ఉపాయం చెప్పింది. అరణులను అగ్ని మీద కాచి, అగ్ని వాటిలోకి చేరిందని భావించి వెంట తీసుకుపోవచ్చు. దీన్ని సమారోపణం అంటారు. కర్మకాండ భాషలో చెప్పినా ఇందులో ఒక లౌకిక లాభం ఉంది: సెగ తగిలిన అరణి ఎండి ఉంటుంది, ఎండిన అరణి మరుసటి మజిలీలో తొందరగా రాజుకుంటుంది.

చకుముకి వచ్చాక వాన కొంత లొంగింది. ఆ మాట తుర్కీ నుంచి పారసీ మీదుగా దక్కనుకు చేరింది. హిందీలో చక్‌మక్ అన్నా, తమిళంలో చక్కిముక్కి అన్నా మూలం ఒకటే. ఉక్కు ముక్కతో గట్టి రాతి అంచును కొడితే ఉక్కు నుంచి సన్నటి రజను ఊడి, గాలి తగిలి మండుతుంది. రవ్వలు రాతివని అనుకుంటాం గాని మండేది ఇనుము. రాయి తడిసినా గుడ్డతో తుడిస్తే చాలు, కట్టె తడిస్తే తుడవడం కుదరదు. చకుముకి బలమంతా ఇక్కడే ఉంది. తెలంగాణలో నదుల గులకరాళ్లలో, నల్లరాతి నేలల్లో ఈ పనికొచ్చే స్ఫటిక జాతి రాళ్లకు కొదవ లేదు.

ఇక మిగిలేది దూది సంగతి. రవ్వ పడగానే పట్టుకుని కణకణలాడే మెత్తటి పదార్థం లేకపోతే ఎన్ని రవ్వలు రాల్చినా వృథా. బూరుగు దూది, సగం కాల్చి ఆర్పిన పాత నూలు గుడ్డ, జీలుగు చెట్టు మట్టల మొదట్లో ఉండే నూగు ఇందుకు వాడిన వస్తువులు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో హైదరాబాద్ సంస్థానంలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పటికి చెంచుల దగ్గర చకుముకీ, బూరుగు దూదీ నిత్యం వాడే సామాను. నల్లమలలో వానాకాలం నెలలు సాగుతుంది. రాయి, ఉక్కు ఎక్కడున్నా పర్వాలేదు, దూదిని మాత్రం మూత ఉన్న గొట్టంలోనో తిత్తిలోనో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఒంటి వేడి దాన్ని పొడిగా ఉంచుతుంది.

తడవని నిప్పు కోసం జరిగిన పోటీలో ఒక రాజ్యమే పోయిన సందర్భమూ ఉంది. 1757 జూన్ 23న ప్లాసీ దగ్గర మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. ఈస్టిండియా కంపెనీ సైన్యం తన మందుగుండును టార్పాలిన్లతో కప్పుకుంది, బెంగాల్ నవాబు ఫిరంగుల మందు నానిపోయింది. ఎదుటివాళ్ల తుపాకులూ మూగబోయి ఉంటాయనుకుని దూసుకొచ్చిన నవాబు సేనాని మీర్ మదన్ గుండు దెబ్బకు కూలిపోయాడు. ప్లాసీలో నవాబు మనుషులే పన్నిన కుట్ర తన పని తాను చేసింది గాని వాన పని కూడా తక్కువ కాదు.

రవ్వ పుట్టించడం ఇంత కష్టమైనప్పుడు ఉన్న నిప్పును దాచుకోవడమే సుఖం. ఈ మాట అండమాన్ దీవుల్లో అక్షరాలా నిజమైంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఆ దీవుల్లో 1906-08 మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్, అక్కడివాళ్లకు నిప్పు పుట్టించే పద్ధతి తెలియదనీ, నిప్పును ఆరనివ్వకుండా కాపాడుకుంటారనీ రాశాడు. ఊరు మారినా, పడవెక్కినా కాలుతున్న దుంగను వెంట తీసుకుపోవడం, తడి రోజుల్లో దాన్ని ఆకుల్లో చుట్టడం వాళ్ల పద్ధతి. ఆకుల్లో నిప్పు చుట్టడం చాలా పాత విద్య. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ, ఐదువేల ఏళ్లకు పైబడిన మనిషి సామానులో బెరడుతో చేసిన డబ్బా ఉంది. అందులో పచ్చి ఆకులు, వాటిలో బొగ్గు ఆనవాళ్లు దొరికాయి.

తెలుగు ఇంట్లో ఆ పని పిడక చేసింది. పిడక మంటగా కాలదు, లోలోపల రగులుతూ మెల్లగా పోతుంది. పెరట్లోనో వసారాలోనో గుంట తీసి పిడకలు పేర్చి, పాలకుండ పెట్టి రోజంతా కాచే దాలి ఇంట్లో ఆరని నిప్పుకు నెలవు. రాత్రి వంటయ్యాక పొయ్యిలోని నిప్పుల మీద బూడిద కప్పేవారు. గాలి తగినంత అందక బొగ్గు మెల్లగా, తెల్లారేదాకా రగులుతూ ఉంటుంది. పొద్దున ఆ నివురు తోసి, కొబ్బరి పీచో ఎండు తాటాకో పెట్టి, ఊదుగొట్టంతో నాలుగు ఊదులు ఊదితే మంట లేచేది. నివురుగప్పిన నిప్పు అన్న నుడికారం పండితులు అల్లింది కాదు, ప్రతి రాత్రీ ప్రతి వంటింట్లో చేసిన పని అది.

ఏ కారణం చేతనో నిప్పు ఆరిపోతే పిడక ముక్కో, కొబ్బరి చిప్పో పట్టుకుని పక్కింటికి వెళ్లేవారు. దీపాలు పెట్టే వేళ నిప్పు ఇవ్వకూడదన్న పట్టింపు కొన్ని ఇళ్లలో ఉండేది. నిప్పు ఇవ్వడం ఎంత మామూలో, ఇవ్వకపోవడం అంత పెద్ద శిక్ష. ఊరు వెలివేసిన ఇంటికి నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదన్న కట్టు ఉండేది. వానాకాలంలో ఆ కట్టు ఏమిటో ఊహించడం కష్టం కాదు. బావి తవ్వుకోవచ్చు, పొరుగువాళ్లు మొహం తిప్పుకుంటే తడిసిన పెరట్లో నిప్పు ఎక్కడి నుంచి తెచ్చుకోవడం?

ఈ జాగ్రత్తంతా రోహిణి కార్తె ఎండల్లోనే మొదలయ్యేది. మృగశిర వచ్చేలోగా పిడకలు, కట్టెలు, కందికట్టె అన్నీ అటకెక్కాలి. ఇప్పుడు అటకెక్కడం అంటే పని మూలపడటం. అప్పుడు పొయ్యి మీది అటక వానాకాలపు కట్టెలకు ఎండబెట్టే గది, కింది సెగా పొగా వాటిని వానలన్నాళ్లూ పొడిగా ఉంచేవి. పండగల మంటలూ ఈ లెక్కను తప్పలేదు. భోగి మంట జనవరిలో, కామదహనం ఫాల్గుణంలో, జ్వాలాతోరణం కార్తీక పున్నమికి. శ్రావణ భాద్రపదాల్లో ఊరందరూ కలిసి పెద్ద మంట వేసే పండగ తెలుగు పంచాంగంలో వెతికినా కనబడదు.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ కాపలా నోటి దాకా వెళ్లింది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల ఆడవాళ్లు చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. దీన్ని అడ్డపొగ అంటారు. గాలికీ నీటి తుంపరకూ చుట్ట ఆరిపోకుండా ఉండటానికే ఇలా మొదలైందని చెప్పుకుంటారు. దీని మూల్యం మాత్రం భయంకరమైనది. అంగిలి పుండ్లు, అంగిలి కేన్సరు ఈ ప్రాంతంలో ఎక్కువగా కనబడటం చూసిన వైద్యులు 1960ల నుంచీ దాని మీద పరిశోధనలు చేస్తూ వచ్చారు.

అగ్గిపుల్ల ఈ కాపలానంతటినీ ఒక పెట్టెలో పెట్టేసింది. ఇంగ్లండులో స్టాక్‌టన్ ఊరి మందుల వ్యాపారి జాన్ వాకర్ 1827 ఏప్రిల్‌లో మొదటి గీత అగ్గిపుల్లలు అమ్మాడు. తర్వాత వచ్చిన తెల్ల భాస్వరం పుల్లలు ఎక్కడ గీసినా వెలిగేవి. ఆ భాస్వరం ఫ్యాక్టరీ పనివాళ్ల దవడ ఎముకలను తినేసింది. 1906 బెర్న్ ఒప్పందం దాన్ని నిషేధించింది. ఈలోగా స్వీడన్‌లో తెల్ల భాస్వరం బదులు ఎర్ర భాస్వరం వాడి, దాన్ని పుల్ల మీద కాక పెట్టె పక్కన పూశారు. గుస్తాఫ్ పాష్ 1844లో పేటెంటు తీసుకుంటే, యాన్‌షాపింగ్‌లోని లండ్‌స్ట్రోమ్ సోదరులు దాన్ని ప్రపంచానికి అమ్మారు. భారతదేశానికి అగ్గిపెట్టెలు మొదట స్వీడన్, జపాన్ల నుంచే వచ్చాయి. 1922లో దిగుమతి సుంకం గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు రూపాయిన్నర అయ్యాక ఇక్కడే తయారుచేయడం లాభసాటి అయింది. ఒక స్వీడన్ కంపెనీ 1923లో విమ్కో అనే అగ్గిపెట్టెల సంస్థను పెట్టింది. అదే కాలంలో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి పని నేర్చుకుని వచ్చి సొంత ఊళ్లో ఫ్యాక్టరీ మొదలుపెట్టారు.

శివకాశిలోనే ఎందుకు అన్నదానికి జవాబు మళ్లీ వానే. పడమటి కనుమల చాటున ఉన్న ఆ నేలలో వాన తక్కువ. పంటలు పండక పనుల కోసం చూసే చేతులు ఎక్కువ. పుల్లలు, ముంచిన తలలు, అట్టపెట్టెలు అన్నీ ఆరాలి. వానను జయించే సరుకు వాన లేని చోటే తయారవుతుంది. అది వానాకాలపు ఇంటికి చేరాక పాత బెడద తప్పలేదు. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, గంధకం జిగురుతో అంటి ఉంటాయి. జిగురు చెమ్మ పీలిస్తే తల మెత్తబడి గీయగానే చిట్లిపోతుంది, పెట్టె పక్కనున్న ఎర్ర పూత నాని ఊడుతుంది. అందుకే అగ్గిపెట్టెను పొయ్యి గట్టు మీద వెచ్చగా ఉంచేవాళ్లు కొందరు, బియ్యం డబ్బాలో దాచేవాళ్లు కొందరు. అర్ధరూపాయి పెట్టె 2007లో రూపాయి, 2021 డిసెంబర్ 1న రెండు రూపాయలు అయింది. ఇంత చవగ్గా నిప్పు దొరికాక నివురు కప్పుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? దాలి గుంటలు పూడాయి. పక్కింటికి నిప్పుకు వెళ్లడం ఒక తరం జ్ఞాపకంగా మిగిలింది.

కిరసనాయిలు రెండో పనిని, అంటే తడి కట్టెకు మంట అంటించడాన్ని సులువు చేసింది. తెలంగాణలో గ్యాసునూనె అనే ఈ సరుకు 19వ శతాబ్ది చివరికే దీపాల కోసం ఊళ్లకు చేరింది. చితుకులతో, చెక్కులతో పావుగంట చేసే పని అరగ్లాసు నూనె క్షణంలో చేసింది, ఆ నేర్పు అంతే త్వరగా మరుగున పడింది. ఆరుబయట వండే కూలీలు, లారీ డ్రైవర్లు పాత సైకిల్ టైరు ముక్కనూ వాడుకున్నారు. రబ్బరుకు నీరు అంటదు, ఒకసారి అంటుకుంటే జల్లు పడినా ఆరదు. అయితే ఆ పొగలో వండిన అన్నానికి ఆ వాసన తప్పదు. గోదావరి వరదల్లో, తుపాన్లలో బాధితులకు ప్రభుత్వం బియ్యంతోపాటు కిరోసిన్ ఇస్తూ వచ్చింది. కట్టెలు నానిన ఊరికి ఉత్త బియ్యం ఇచ్చి ఏం లాభం? ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశమంతా 2016లో వచ్చిన ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిని పల్లెల్లోకి తెచ్చాక ఇంట్లో వానతో పోరు చాలావరకు ముగిసింది.

బయట మాత్రం కొన్ని చోట్ల పాత పద్ధతి నిలిచింది. కిళ్లీ కొట్టు ముందు వేలాడే కొబ్బరితాడు కొసకు నిప్పు పెడితే రోజంతా రగులుతూనే ఉంటుంది. వచ్చినవాడు అగ్గిపుల్ల ఖర్చు లేకుండా దాని మీద బీడీ ముట్టించుకుంటాడు, వాన వస్తే కొట్టువాడు దాన్ని చూరు లోపలికి లాగుతాడు. చావు ఇంటి నుంచి శ్మశానానికి నిప్పుకుండ మోయడమూ అలాంటిదే. జేబులో అగ్గిపెట్టె ఉన్నా చితికి ఇంట్లో రాజేసిన నిప్పే కావాలి. పిడక నిప్పులు వేసిన కుండను కర్మ చేసేవాడు ఊరి చివర దాకా పట్టుకుని నడుస్తాడు. వానరోజైతే ఎవరో ఒకరు పక్కన నడుస్తూ ఆ కుండ మీద గొడుగు పడతారు.